ట్యాంకు మేస్త్రీ పనితనం

బంకులో పాత టాటా 207 వెనకాల నిలబడ్డవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. నాజిల్ మూతిలో పెట్టి నొక్కగానే టక్కుమని ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ టక్కు. మూతి దగ్గర నురగ పొంగి నాలుగు చుక్కలు టైరు మీద పడతాయి. "తమ్ముడూ, మెల్లగా కొట్టు, మా బండి ఇంతే" అంటాడు డ్రైవరు. కుర్రాడికీ అది అలవాటే. నాజిల్‌ని పక్కకు తిప్పి, సగమే నొక్కి, సన్నధారగా పోస్తాడు. ఇదే బాధతో ఏళ్ళ తరబడి తిరుగుతున్న బళ్ళున్నాయి. ట్యాంకు పాడైందనుకుంటారు. చాలాసార్లు ట్యాంకుకు ఏమీ కాదు, లోపలి గాలి బయటికి రావడానికి దారి ఉండదు. ఆ సంగతి చేత్తో తడిమి చెప్పగలిగే పనివాళ్ళ గురించే ఈ వ్యాసం.

విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ళను వెతకాలంటే రేడియేటర్ బోర్డులు చూడాలి. రేడియేటర్ రిపేరు చేసేచోటే డీజిల్ ట్యాంకులూ బాగుచేస్తారు. రెండింటికీ కావలసిన విద్య ఒకటే. పల్చని రేకు, దాని అతుకు, చుక్క కారకుండా వేసే మాటు. ఇంజను మేస్త్రీకి ఉన్నంత పేరు వీళ్ళకు రాదు. డీజిల్ పంపు సర్వీసింగ్ చేసేవాళ్ళకు అద్దాల గదులుంటాయి, టెస్టు బెంచీలుంటాయి. ట్యాంకు మేస్త్రీకి ఉండేది ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్ళ తొట్టి, ఒక కుంపటి. చేసే పని మాత్రం దేనికీ తీసిపోదని నా నమ్మకం.

ముందు ఆ టక్కు సంగతి చూద్దాం. బంకు నాజిల్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది. అక్కణ్ణుంచి సన్నటి గొట్టం ఒకటి పిడిలోకి వెళుతుంది. డీజిల్ పారుతున్నంతసేపూ ఆ వేగానికి రంధ్రంలోంచి గాలి లోపలికి లాగబడుతూ ఉంటుంది. డీజిల్ గానీ నురగ గానీ పైకొచ్చి రంధ్రాన్ని మూసేసిందా, ఆ లాగుడు పిడిలోని పల్చటి పొర మీద పడుతుంది. పొర కదిలితే కొక్కెం జారి ధార ఆగుతుంది. కరెంటుతో పని లేని గొప్ప ఏర్పాటు ఇది. అయితే దానికి తెలిసేది ఒక్కటే, రంధ్రం మూసుకుందా లేదా అని. ట్యాంకు నిండిందో, నురగే పొంగిందో దానికి తెలియదు.

మామూలు నాజిల్ నిమిషానికి 40 లీటర్ల దాకా పోస్తుంది. లారీల కోసం పెట్టిన పెద్ద నాజిల్ ఇంకా ఎక్కువ. అంటే నిమిషానికి 40 లీటర్ల గాలి ట్యాంకులోంచి బయటికి రావాలి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది, ఎదురుగా ఇంకో చిల్లు పెడితే ధార కట్టి పడుతుంది. ఇంట్లో అందరికీ తెలిసిన ఆ రెండో చిల్లే బండిలో సన్నటి గాలి గొట్టం. డీజిల్ దిగే లావు రబ్బరు గొట్టం పక్కనే అదీ ట్యాంకు నుంచి మూతి దాకా వస్తుంది. ఆ గొట్టం మూసుకుపోతే గాలి డీజిల్‌కు ఎదురొస్తుంది. డీజిల్‌కు నురగ కట్టే గుణం ఎటూ ఉంది.

కైకలూరు వైపు నుంచి చేపలు తెచ్చే ఒక పికప్‌ను షెడ్డులో చూశాను. డ్రైవరు వస్తూనే "మేస్త్రీగారూ, ట్యాంకు దించేయండి, లోపల చెత్త చేరినట్టుంది" అన్నాడు. మేస్త్రీ ఏమీ అనలేదు. బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని, మూతి దగ్గర మొదలుపెట్టి గాలి గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తడుముతూ వెళ్ళాడు. మధ్యలో ఒకచోట వేళ్ళు ఆగాయి. అక్కడ గొట్టం జారి, ఛాసిస్ మీదుగా వేలాడి, వంపు తిరిగి ఉంది. ఆ వంపులో డీజిల్ నిలిచిపోయింది. గాలికి అడ్డం పడింది ఆ గుక్కెడు డీజిలే. "ఇది పైకే పోవాలి బాబూ, ఎక్కడా కిందికి దిగకూడదు" అన్నాడు. గొట్టం విప్పి ఊదాడు, కొత్త ముక్క కోశాడు, ట్యాంకు నుంచి మూతి దాకా ఎక్కుతూనే ఉండేలా రెండు క్లిప్పులు వేశాడు. ట్యాంకు బోల్టు ఒక్కటి కూడా విప్పలేదు. ట్యాంకు దించితే వచ్చే కూలి ఎంతో అతనికి బాగా తెలుసు. అక్కర్లేని పని చేయకపోవడం కూడా పనితనంలో భాగమే. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

లావు గొట్టంలో ఇంకో రకం జబ్బు వస్తుంది. పైకి చూస్తే రబ్బరు నిక్షేపంగా ఉంటుంది. లోపలి పొర మాత్రం డీజిల్‌కు ఉబ్బి, విడిపోయి, తలుపు రెక్కలా అడ్డం పడుతుంది. సన్నగా పోస్తే దిగుతుంది, జోరుగా పోస్తే ఎగదన్నుతుంది. చూపుకు అందని ఈ లోపాన్ని మంచి మేస్త్రీ గొట్టాన్ని నొక్కి పట్టేస్తాడు. బాగున్న రబ్బరు వేలి కింద ఒక్కటిగా అణుగుతుంది. పొర విడిచింది లోపల జారుతుంది. కొన్ని బళ్ళలో బయటికి తెరుచుకునే గాలి గొట్టం కొసన కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటుంది. వారాల తరబడి కదలని బండికి ఇది మామూలే.

మూత కథ దీనికి తిరగేసినది. ఇక్కడ గాలి లోపలికి రావాలి. ఇంజను డీజిల్ లాగుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరాలి. చాలా పాత బళ్ళలో మూతలోనే అందుకు సన్నటి దారి ఉంటుంది. డీజిల్ దొంగల భయంతో ఓనర్లు తాళం మూతలు కొని బిగిస్తారు. వాటిలో కొన్నింటికి గాలి దారే ఉండదు. బండి పొద్దున బాగానే స్టార్టవుతుంది, కొంత దూరం పోయాక పికప్ పడిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ కదులుతుంది. ఫిల్టర్లు మారుస్తారు, పంపు విప్పిస్తారు. ట్యాంకు మేస్త్రీ మూత తిప్పుతూ దాని దగ్గర చెవి పెడతాడు. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తే, రోగం దొరికినట్టే. లాగుడు మరీ ఎక్కువైతే ట్యాంకు రేకు లోపలికి సొట్టపడుతుంది కూడా. బయటి దెబ్బకు పడ్డ సొట్టలో గీతలుంటాయి, రంగు లేస్తుంది. గాలి లాగితే పడ్డ సొట్ట నున్నగా ఉంటుంది. ఈ తేడా అతను దూరం నుంచే చెబుతాడు.

ట్యాంకు లోపలికి వెళితే తయారుచేసినవాళ్ళ తెలివీ కనిపిస్తుంది. డీజిల్ లాగే గొట్టం అడుగుదాకా వెళ్ళదు, కాస్త పైనే ఆగుతుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు. లీటరు డీజిల్ 830 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. అందుకే నీళ్ళు, తుప్పు, మడ్డి అడుగున చేరతాయి. ఆ అడుగు పొర ఇంజనులోకి పోకూడదని గొట్టాన్ని పైన ఆపారు. అడుగున డ్రెయిన్ బోల్టు పెట్టింది అప్పుడప్పుడు విప్పి వదిలేయడానికే. ఏళ్ళ తరబడి ఎవరూ విప్పకపోతే మురికి గొట్టం అంచు దాకా ఎదుగుతుంది. కోస్తాలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రి బండి నిలిపితే, ఆ ఖాళీలోని తేమ చల్లబడి రేకు లోపల నీటిబొట్లు కడుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టుకునే పాత డ్రైవర్ల అలవాటు ఇందుకే. నీళ్ళు, డీజిల్ కలిసే చోట బూజు కూడా పెరుగుతుంది. నల్లటి జిగురుగా వచ్చి ఫిల్టరును పట్టేస్తుంది.

అమెరికాలోనూ పాత డీజిల్ పికప్‌ల బాధలు ఇలాంటివే. 1983లో ఫోర్డ్ తన ఎఫ్-సిరీస్ పికప్‌లలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి 6.9 లీటర్ల డీజిల్ ఇంజను పెట్టింది. చాలా బళ్ళకు రెండేసి ట్యాంకులు. లాగే గొట్టం కొసన ఉన్న ప్లాస్టిక్ జల్లెడ ఏళ్ళు గడిచేసరికి విరిగి పడిపోతుంది. అప్పుడు గేజిలో పావు ట్యాంకు చూపిస్తుండగానే బండి ఆగుతుంది. ట్యాంకులు మార్చే వాల్వు చెడితే, ఒక ట్యాంకులోంచి లాగిన డీజిల్లో మిగిలింది రిటర్న్ గొట్టం ద్వారా రెండో ట్యాంకులోకి వెళ్ళి, అది పొర్లుతుంది. అక్కడి మెకానిక్కులూ ముందు గొట్టాల వెంటే వెళ్ళాలి.

ఇక చిల్లు. ట్యాంకు సాధారణంగా దాన్ని బండికి బిగించే పట్టీ కింద చిల్లుపడుతుంది. పట్టీకి, రేకుకు మధ్య వేసిన ప్యాకింగ్ తేమను పట్టి ఉంచుతుంది. చేపల బళ్ళలో అయితే ఐసు కరిగిన ఉప్పునీళ్ళు పైనుంచి కారి అక్కడే చేరతాయి. తుప్పు కింద చిల్లు ఎక్కడుందో కంటికి కనబడదు. మేస్త్రీ రేకును బ్రష్షుతో గీకి శుభ్రం చేసి, పైన సుద్ద నీళ్ళు పూసి ఆరనిస్తాడు. లోపల కొంచెం డీజిల్ పోసి ట్యాంకును ఆ పక్కకు వాలుస్తాడు. కాసేపటికి తెల్లటి సుద్ద మీద సూదిమొన అంత నల్లచుక్క పుడుతుంది. తర్వాత అది మెల్లగా వెడల్పవుతుంది. మొదట పుట్టిన చోటును గోరుతో గుర్తుపెట్టాలి. మచ్చ పెద్దదయ్యాక చూస్తే చిల్లు అసలు చోటు తప్పిపోతుంది.

ఇక్కడ తొందరపడేవాడు ఆర్క్ వెల్డింగ్ పెట్టిస్తాడు. నేను చూసిన మంచి మేస్త్రీలు అందుకు ఒప్పుకోరు. దానికి రెండు కారణాలు. పాత తరం ట్యాంకుల్లో చాలావాటి రేకుకు సీసం, తగరం కలిపిన పూత ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఇనుమే కరగాలి, అంటే 1500 డిగ్రీలు. ఆ చుట్టుపక్కల లోపలి పూత మాడిపోయి, కొత్త తుప్పు అక్కడే మొదలవుతుంది. మాటుకు వాడే సీసం, తగరం మిశ్రమం 190 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది, పాత పూతతో కలిసిపోతుంది. రెండో కారణం ప్రాణాలకు సంబంధించింది. డీజిలే కదా, పెట్రోలు కాదు కదా అనుకోవడం పెద్ద పొరపాటు. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఆవిరి అంటుకునే కనీస హద్దు 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడ ఎండే దాన్ని దాటుతుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే అందులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి.

కాబట్టి మాటుకు ముందు కడుగుడు ఉంటుంది. వేడినీళ్ళు, సబ్బుపొడి పోసి ఊపి పారబోసి, మళ్ళీ పోసి, వాసన పోయేదాకా కడుగుతారు. తర్వాత చిల్లు పైకి వచ్చేలా ట్యాంకును తిప్పి, చిల్లు దగ్గరిదాకా నీళ్ళు నింపుతారు. లోపల ఆవిరికి చోటే మిగలకూడదు. మూతి తెరిచే ఉంచుతారు. కుంపటి షెడ్డుకు ఒక చివర, ట్యాంకు ఇంకో చివర. మంట ట్యాంకు దగ్గరికి రాదు, కాలిన రాగి మొన ఒక్కటే వస్తుంది. ఇంత తెలిసినా ఇది ఇంట్లో ప్రయత్నించే పని కాదు. పాఠకులు దయచేసి ఆ జోలికి పోవద్దు.

మాటు వేయడం చూడవలసిన పని. రాగి మొనను కుంపట్లోంచి తీసి నవాసాగరం దిమ్మ మీద రుద్దితే తెల్లటి పొగ లేచి మొన మెరుస్తుంది. వెంటనే సీసం కడ్డీకి ఆనిస్తే మొన వెండిరంగు తిరుగుతుంది. చిల్లు కంటే పెద్దగా కోసిన రేకు ముక్కకు మూలలు గుండ్రంగా చేస్తాడు. మూల ఉంటే అక్కడే లేస్తుంది. జింకు ముక్కలు వేసి బుడగలు ఆగేదాకా ఉంచిన యాసిడ్‌ను ముక్కకూ ట్యాంకుకూ రాసి, రెండింటికీ విడివిడిగా పూత పెడతాడు. అప్పుడు ముక్కను పెట్టి చెక్కతో నొక్కి పట్టుకుని, రాగి మొనను అంచు వెంట మెల్లగా నడుపుతాడు. తొందరపడితే పైన మాత్రమే అంటుకుంటుంది. ఆలస్యం చేస్తే రేకు వేడెక్కి పక్క అతుకు వదులుతుంది. సరిగ్గా కుదిరినప్పుడు ముక్క కింద నుంచి కరిగిన లోహం పాకి, అంచు చుట్టూ సన్నటి మెరిసే గీతగా బయటికి తొంగిచూస్తుంది. ఆ గీత తెగకుండా చుట్టూ కలిసిందంటే లోపల కూడా నిండిందని అర్థం. ఆ తర్వాత సోడా నీళ్ళతో కడగడం మర్చిపోడు. మిగిలిన యాసిడ్ తర్వాత రేకును తింటుంది.

పరీక్ష నీళ్ళ తొట్టిలో. అన్ని మూతులూ బిగించి ఒకటి రెండు పీఎస్‌ఐ గాలి మాత్రమే ఎక్కిస్తారు. ఎక్కువైతే పల్చటి రేకు ఉబ్బి అతుకులు విడతాయి. ఒక్క బుడగా రాకపోతే ట్యాంకు బండికి ఎక్కుతుంది. పట్టీల కింద పాత ట్యూబు రబ్బరు ముక్కలు, డీజిల్ గొట్టాలను బిగించే బాంజో బోల్టులకు కొత్త కాపర్ వాషర్లు. చివరికి ఫిల్టరు దగ్గర ఎయిర్ స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడతారు. మొదట నురగ, తర్వాత బుడగలు, తర్వాత తెగని ధార. స్క్రూ బిగిస్తే ఎయిర్ పోయినట్టే.

ఈ జాగ్రత్తంతా ఎందుకంటే ట్యాంకు అవతల ఇంజెక్షన్ పంపు ఉంది. 1951లో మొదలైన మైకో 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా, మన మెకానిక్కులకు అది ఇప్పటికీ మైకో పంపే. అందులో డీజిల్‌ను నెట్టే ప్లంజరుకు, అది కదిలే బ్యారెల్‌కు మధ్య సందు కొన్ని మైక్రాన్లే. ట్యాంకులోంచి వచ్చిన తుప్పు పొడి, నీటిచుక్క ఆ సందును తినేస్తాయి. పంపు బాగుచేయించి ట్యాంకును వదిలేసినవాడు మళ్ళీ పంపు బాగుచేయించాల్సిందే.

నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. పని అయ్యాక మేస్త్రీ డ్రైవరు పక్కన కూర్చుని బంకు దాకా వెళతాడు. "పూర్తిగా నొక్కు తమ్ముడూ" అంటాడు. నాజిల్ ఆగకుండా పోస్తే దిగి వచ్చేస్తాడు.

కొత్త బళ్ళలో చాలావాటికి ప్లాస్టిక్ ట్యాంకులొచ్చాయి, వాటికి మాటు అతకదు. పాత 207లు, 407లు మాత్రం మన పల్లెల్లో, మార్కెట్ యార్డుల్లో, చేపల రేవుల్లో ఇంకా చాలాకాలం తిరుగుతాయి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్, షీట్ మెటల్ వర్కర్ అనే రెండు ట్రేడులున్నాయి. ట్యాంకు పని ఆ రెండింటి మధ్య పడిపోయింది. ఆ ట్రేడులు చెప్పే మాస్టార్లు తమ పిల్లల్ని ఏడాదికి ఒక వారమైనా ఇలాంటి షెడ్డుకు పంపాలి, ఆ వారానికి మేస్త్రీకి గౌరవంగా గురుదక్షిణ ఇప్పించాలి.