పురుగుకూ ఒక బ్లడ్ గ్రూపు

మొన్న నార్త్ యార్క్‌లో వ్రతం భోజనాల దగ్గర ఒకబ్బాయి నాకు నచ్చజెప్పబోయాడు: "అంకుల్, రక్తశుద్ధి చూర్ణం వాడండి, ఒంట్లో పురుగన్నది ఉండదు." ఆ చూర్ణాల పేరెత్తితే నాకెంత మంటో ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు. చెడ్డ రక్తంలోనే పురుగు బతుకుతుందని ఎవరన్నారు? షిస్టోసోమా అనే పురుగు నిక్షేపంలాంటి మనిషి సిరల్లోనూ ఏళ్ల తరబడి కాపురం చేస్తుంది. ఆ రక్తంలోంచే తన ఒంటికి పైపూత తెచ్చుకుంటుంది. మన పశువుల ముక్కు సిరల్లో చేరి గురక రోగం తెచ్చేది దీని చుట్టమే.

నేను బతికింది రక్తం గ్రూపులు చూసి. జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌లో తెల్ల పలక మీద ఒక రక్తపు చుక్క, దానికి ఎ గుర్తును పట్టే యాంటీబాడీలున్న యాంటీ-ఎ సీరం చుక్క. పుల్లతో కలిపి పలకను మెల్లగా ఊపాలి. కణాలు గుంపు కడితే వాటి మీద ఎ గుర్తు ఉన్నట్టు. తొందరపడితే బలహీనమైన గుంపు కంటికి ఆనదు, ఆలస్యమైతే అంచులు ఆరి లేని గుంపు ఉన్నట్టు కనబడుతుంది. చుక్క ఆరేలోపు ఊపిరి బిగబట్టి చూసేవాణ్ని. ఆ పని మీద నాకు ఇప్పటికీ ప్రేమే.

అందుకే షిస్టోసోమా మీద 1969లో జరిగిన ప్రయోగం తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. లండన్‌లో స్మిదర్స్, టెర్రీ, హాక్లీ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుకలో పెరిగిన పురుగుల్ని కోతుల్లోకి మార్చారు. మామూలు కోతిలో కొన్నాళ్లు గుడ్లు తగ్గి, మళ్లీ కోలుకున్నాయి. ఎలుక కణాల మీద ముందే యాంటీబాడీలు పెంచుకున్న కోతిలో చచ్చిపోయాయి. అంటే పురుగు ఒంటి మీద ఎలుక అణువులున్నాయి! కోతి ఒళ్లే వాళ్లకు యాంటీ సీరం అయింది. 1976లో ఎ గ్రూపు మనిషి రక్తంలో పెంచిన పిల్ల పురుగుల మీదా ఎ గుర్తే కనిపించింది.

ఈ పూతే పురుగును కాపాడుతోందని అనిపిస్తుంది కదా. అదొక్కటే కాదు. పెరిగే పిల్ల పురుగులకు యాంటీబాడీలు అంటడం, పైపూత లేకపోయినా తగ్గుతుందని 1977లో తేలింది. వాటి చర్మమే మారిపోతుంది. ఇక ఈ పురుగుకు ఇచ్చే ప్రాజిక్వాంటెల్ మందు ఆ చర్మాన్ని చెడగొట్టి, లోపల దాగినదాన్ని బయటపెడుతుంది. అప్పుడు మన యాంటీబాడీలు పట్టుకుంటాయి. యాంటీబాడీలు తయారుకాని చిట్టెలుకల్లో ఆ మందు అంతగా పనిచేయదు. కాబట్టి రక్తాన్ని కడగక్కర్లేదు నాయనా, సగం మందు దానిలోనే ఉంది.

ఆఫ్రికా నుంచి కొత్తగా వచ్చిన శరణార్థులకు ఈ పురుగు కోసం రక్తపరీక్ష చేయాలని కెనడా వైద్య మార్గదర్శకాలు 2011లోనే చెప్పాయి. ఉద్యోగాలకని ఆఫ్రికా వెళ్లి, ఈ పురుగు అంటుకునే అక్కడి చెరువుల్లో, సరస్సుల్లో ఈది ఇక్కడికొచ్చిన మనవాళ్లూ ఆ సంగతి ఫ్యామిలీ డాక్టరుకు తప్పక చెప్పండి. చూర్ణం డబ్బా మాత్రం కొనకండి.