పోప్రిషిన్ గదిలో పనిమనిషి

గొగోల్ 1835లో ప్రచురించిన ‘పిచ్చివాడి డైరీ’ని నాటకం చేయడం పైకి సులువుగానే కనిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే గొంతు. ఏకపాత్రాభినయానికి కొలిచి కుట్టినట్టుంటుంది. చిక్కల్లా అక్కడే. డైరీ ఎవరికీ చెప్పుకోలేనివాడు రాసుకునేది. ప్రేక్షకుల వైపు తిరిగి చెప్పేస్తే గుమాస్తా పోప్రిషిన్ ఒంటరితనం కాస్తా ఎగిరిపోతుంది.

1989లో సిడ్నీలో బెల్వాయిర్ బృందం వేసిన నాటకం ఈ ముడి విప్పిన ఒడుపు చూడాలి. నాటకీకరణ డేవిడ్ హోల్మన్, దర్శకుడు నీల్ ఆర్మ్‌ఫీల్డ్, పోప్రిషిన్‌గా జెఫ్రీ రష్. మూలకథలో మావ్రా అనే ఫిన్లండ్ పనిమనిషి ఉంది. ఏవో నాలుగు ముక్కల్లో వచ్చిపోతుంది. ఆ కాస్త జాగాలోంచి హోల్మన్ తువోవి అనే నిండు పాత్రను లాగాడు. ఆమెకు పోప్రిషిన్ భాష రాదు. ఒక్కో మాటా కూడబలుక్కుని నేర్చుకుంటుంది. ఎంత లోతైన ఊహ! గదిలో మనిషి ఉంది, వినే చెవులున్నాయి, అయినా చెప్పింది చేరదు. అతనికి మాట చెదిరిపోతున్న రోజుల్లోనే ఆమెకు మాట కుదురుకుంటోంది.

2010లో మళ్లీ వేసినప్పుడు తువోవిగా యేల్ స్టోన్ చేసింది. పోప్రిషిన్ ఆరాధించే పైఅధికారి కూతురూ ఆమే. కలలోని అమ్మాయికీ, కసురుకునే పనిమనిషికీ ఒకే ముఖం!

వాద్యకారులు వేదిక పక్కనే కనబడుతూ కూర్చుంటారు. ముసోర్గ్‌స్కీ బాణీల ఆధారంగా ఆలన్ జాన్ కూర్చిన సంగీతం పోప్రిషిన్ కదలికలకు బదులు పలుకుతుంది. కుక్కలు కబుర్లాడటం వినే మనిషి కథకు ఇంతకన్నా తగిన తోడు నాకు తోచదు.

గొగోల్ పిచ్చిని తేదీల్లో చూపించాడు. డైరీ ఉన్నట్టుండి 2000 సంవత్సరం, ఏప్రిల్ 43కి దూకుతుంది. పుటలో కన్ను పట్టేసే ఆ జారుడును వేదిక మీద ఒంటితో చూపాలి. పారిస్‌లో జాక్ లకాక్ దగ్గర దేహాభినయం నేర్చిన రష్ అందుకు తగినవాడు.

కథలో పోప్రిషిన్‌కు 42 ఏళ్లు. పైఅధికారి ఈకకలాలు చెక్కుతూ, తన ఉద్యోగ జీవితం ఇప్పుడే మొదలైందనుకుంటాడు. తొలిసారి ఆ వేషం కట్టినప్పుడు రష్‌కు నలభై నిండలేదు. 2011లో బ్రూక్లిన్‌లో ఆడేనాటికి అరవైకి చేరువయ్యాడు. ఆ వయసు ముఖంలో అదే ఆశ చూస్తే గుండె పట్టేస్తుంది. కథ చివర పోప్రిషిన్ తనను కాపాడమని అమ్మను పిలుస్తాడు.