మజిల్ కారుకు ఐదో గేరు

అమెరికాలో పాత మజిల్ కార్లను బాగుచేయించుకునే వాళ్ళ మధ్య ఎడతెగని వాదం ఒకటి ఉంది. 1960లలో తయారైన కమారోకో, షెవెల్‌కో, మస్టాంగ్‌కో ఫ్యాక్టరీ బిగించిన నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ దించేసి, ఈనాటి ఐదు గేర్లదో ఆరు గేర్లదో ఎక్కించవచ్చా? ఎక్కిస్తే అది ఆ కారేననిపించుకుంటుందా? ఎక్కించవచ్చనే నా అభిప్రాయం. ఆ కారుకు ప్రాణం దాని ఇంజన్. నాలుగే గేర్లన్నది ఆ ఇంజన్‌కు ఆనాటి మార్కెట్ పెట్టిన హద్దు. హద్దు చెరిపినంత మాత్రాన కారు స్వభావం చెడదు, పైగా షెడ్డులో ముసుగు కింద పడి ఉండే బండి దూర ప్రయాణాలకు పనికొస్తుంది. అయితే ఈ పనికి ఒక షరతు ఉంది, దాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటున్నారు. షరతు సంగతికి వచ్చే ముందు లెక్క చూడాలి, ఎందుకంటే ఈ వాదంలో సగం గొడవ లెక్క చూడకపోవడం వల్లే వస్తోంది.

1969 కమారో ఎస్ఎస్ 396 తీసుకుందాం (396 అంటే ఇంజన్ పరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో). అందులో నాలుగు గేర్ల మన్సీ ఎం21 గేర్‌బాక్స్, వెనక యాక్సిల్‌లో 4.10 క్రౌన్ పినియన్, 26 అంగుళాల ఎత్తు టైర్లు ఉన్నాయనుకుందాం. ఎం21లో మొదటి గేరు 2.20, నాలుగోది 1.00. అంటే టాప్ గేరులో ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే వెనక్కి వెళ్ళే షాఫ్ట్ కూడా అన్నే చుట్లు తిరుగుతుంది. ఈ కారు గంటకు 70 మైళ్ళు, అంటే సుమారు 113 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజన్ నిమిషానికి దాదాపు 3,700 చుట్లు తిరగాలి. పక్క సీటులో వాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి, రెండు గంటలయ్యేసరికి తల దిమ్మెక్కుతుంది. పోనీ క్రౌన్ మార్చి 3.08 వేద్దామా అంటే, హైవే మీద ఇంజన్ నెమ్మదిస్తుంది గానీ సిగ్నల్ దగ్గర కారు కదలడానికి మొరాయిస్తుంది, క్లచ్ కాలుతుంది. మొదటి గేరుకు, చివరి గేరుకు మధ్య వ్యత్యాసం రెండింతలకు కాస్త పైనే ఉన్నప్పుడు, పికప్ కావాలా ప్రయాణం కావాలా అన్నది యాక్సిల్ దగ్గరే తేల్చుకోవాలి. ఒకటి తీసుకుంటే రెండోది పోతుంది.

ఇప్పుడు అదే కారులో ట్రెమెక్ కంపెనీ టీకేఎక్స్ ఐదు గేర్ల బాక్స్ పెట్టి, క్రౌన్ 3.55కు దించి చూద్దాం. టీకేఎక్స్‌లో ఒక రకానికి మొదటి గేరు 2.87, నాలుగోది 1.00, ఐదోది 0.68. కారు కదిలే చోట గేరునూ క్రౌన్‌నూ గుణిస్తే పాత అమరికలో 9.02 వచ్చేది, కొత్తదాంట్లో 10.19 వస్తుంది. అంటే మొదటి కుదుపు పాతదానికంటే బలంగానే ఉంటుంది. అదే 70 మైళ్ళ దగ్గర ఐదో గేరులో ఇంజన్ చుట్లు 2,200కు లోపే. గంట ప్రయాణంలో ఇంజన్ దాదాపు 90 వేల చుట్లు తక్కువ తిరుగుతుంది. పికప్ పోలేదు, ఇంజన్ మీద చెయ్యి వెయ్యలేదు, కార్బురేటర్ అదే, క్యామ్ షాఫ్ట్ అదే. యాక్సిల్ మీద ఆనాడు రుద్దిన రాజీ ఒక్కటే తొలగిపోయింది. 4.10 క్రౌన్‌ను అలాగే ఉంచి కొత్త గేర్‌బాక్స్ పెట్టుకునే వాళ్ళూ ఉన్నారు, అది తప్పు. అప్పుడు మొదటి గేరు లెక్క 11.8 దాకా పోతుంది, కారు చౌరస్తా దాటకముందే ఆ గేరు అయిపోతుంది. గేర్‌బాక్స్ మార్చాలనుకునేవాడు యాక్సిల్ గురించి కూడా అదే రోజు ఆలోచించాలి.

ఐదో గేరు ఆ కాలానిది కాదు, అది ఈ కారుకు పరాయిది అనేది మొదటి అభ్యంతరం. చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. టాప్ గేరును మించిన ఓవర్‌డ్రైవ్‌ను బోర్గ్ వార్నర్ సంస్థ 1930లలోనే అమెరికన్ కార్లకు అందించింది. 1950లలో మామూలు షెవర్లే కొనేవాళ్ళు కూడా కొంత అదనంగా చెల్లించి మూడు గేర్లతో పాటు దాన్ని పెట్టించుకోగలిగేవారు. 1964లో పాంటియాక్ జీటీఓతో మజిల్ కార్ల ఊపు మొదలైనప్పుడు, కొనేవాళ్ళ చూపంతా పావు మైలు పరుగు మీదే. పెట్రోలు గ్యాలన్ 30 సెంట్ల పైచిలుకు. దూర ప్రయాణానికి ఇంకో గేరు అడిగినవాళ్ళు లేరు, కంపెనీలు ఇవ్వలేదు. ఆ తర్వాత 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చింది, మరుసటి ఏడాది దేశమంతటా వేగ పరిమితి 55 మైళ్ళకు దిగింది. అప్పుడు క్రైస్లర్ ఏం చేసింది? తన పెద్ద హెమీ వీ8 ఇంజన్ల వెనక దృఢంగా పనిచేసిన ఏ833 నాలుగు గేర్ల బాక్స్‌నే తీసుకుని, లోపలి పళ్ళ చక్రాల నిష్పత్తులు మార్చి, 1975లో నాలుగో గేరు 0.73 ఓవర్‌డ్రైవ్‌గా బయటికి తెచ్చింది. మజిల్ కార్లు చేసిన కంపెనీయే, మజిల్ కార్లలో వాడిన గేర్‌బాక్స్‌కే, పదేళ్ళు కాస్త అటూ ఇటూగా ఈ మార్పు చేసిందన్నమాట. మన దేశంలో మజిల్ కారు అని ముద్దుగా పిలుచుకునే హిందుస్తాన్ మోటార్స్ కాంటెస్సా కథ కూడా ఇలాంటిదే. 1984లో పాత 1.5 లీటర్ల ఇంజన్‌తో, నాలుగు గేర్లతో వచ్చింది. ఆ పెద్ద ఒంటికి తగిన పరుగు దానికి దొరికింది ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్‌తో పాటు ఐదో గేరు కూడా వచ్చాకే. హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద జనం గుర్తుంచుకున్న కాంటెస్సా ఆ రెండోదే.

ఇక పనితనం సంగతి. కొత్త గేర్‌బాక్స్ కొనడం డబ్బుతో అయ్యే పని. దాన్ని ఇంజన్‌తో వరసలో నిలబెట్టడం మెకానిక్ చేతి పని, ఈ మార్పు బాగుపడేదీ చెడేదీ అక్కడే. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ నడుమ బెల్ హౌసింగ్ ఉంటుంది. దాని నడి రంధ్రం క్రాంక్ షాఫ్ట్ నడిమధ్యకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఆనాటి అచ్చుల్లో ఇది కొద్దిగా అటూ ఇటూ ఉండేది. కొత్త హౌసింగ్ కొన్నా, సరిగ్గానే ఉంటుందన్న భరోసా లేదు. అందుకే ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ తగిలించి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ ఆ రంధ్రం అంచును కొలుస్తారు. అంగుళంలో వెయ్యో వంతులు ఐదు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, అంతకు మించి పక్కకు పోరాదన్నది ఈ పనిలో అందరూ పాటించే కొలత. మించితే, నడిమికి కాస్త పక్కగా చెక్కిన గైడు పిన్నులు వేసి హౌసింగ్‌ను జరుపుతారు. ఈ కొలత ఎగ్గొట్టిన కారు మొదటి వారం బాగానే నడుస్తుంది. తర్వాత వేగంలో గేరు పడనని మొండికేస్తుంది, పైలట్ బేరింగ్ అరిగిపోతుంది, పడిన గేరు జారి బయటికొస్తుంది. యజమాని గేర్‌బాక్స్ కంపెనీని తిడతాడు. కొలిచి ఉంటే అరపూటలో తేలిపోయే సంగతి అది.

రెండో మెలిక వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర ఉంది, దీన్ని గుర్తించేవాళ్ళు ఇంకా తక్కువ. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజన్ కంటే ఆ షాఫ్ట్ వేగంగా తిరుగుతుంది. పైన చెప్పిన కమారోలో ఇంజన్ 2,200 దగ్గర ఉంటే షాఫ్ట్ 3,200 చుట్లు తిరుగుతుంది. నిజానికి 4.10 క్రౌన్ ఉన్నప్పుడు ఆ షాఫ్ట్ ఇంకా వేగంగా, 3,700 దగ్గర తిరిగేది. కానీ అప్పుడు ఇంజన్ రొద దాని అదురును మింగేసేది. ఇప్పుడు ఇంజన్ నెమ్మదించేసరికి దశాబ్దాలుగా ఉన్న అదురే కొత్తగా పుట్టినట్టు సీటు కిందికి వస్తుంది. గేర్‌బాక్స్ తోక వంపు, యాక్సిల్ ముక్కు వంపు రెండూ ఒకదానికొకటి సరిపోయి, రెండు క్రాస్ జాయింట్లూ ఒకే కోణంలో పనిచేస్తేనే ఈ అదురు పోతుంది. ఒక్కో జాయింట్ దగ్గర ఒకటి నుంచి మూడు డిగ్రీలు మంచి కోణం. కొత్త గేర్‌బాక్స్ పాతదానికంటే లావు. కారు నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే సొరంగంలో అది పట్టకపోతే, రేకు కోయడానికి మనసొప్పక తోకను కిందికి దించి సర్దేస్తారు. అక్కడితో కోణాలు చెడతాయి. కోస్తే కొయ్యాలి, లేదా పట్టే గేర్‌బాక్స్‌నే ఎంచుకోవాలి, రెండూ కాని సర్దుబాటు మాత్రం పనికిరాదు. క్లచ్‌కు హైడ్రాలిక్ అమరిక, కొత్త పొడవుకు తగిన షాఫ్ట్, కింద క్రాస్ మెంబరు, స్పీడోమీటర్ కేబుల్ ఇవన్నీ దొరికే సరుకే, ఓపికతో చేసుకునే పనులే.

మెచ్చుకోదగిన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. పాత దగ్గరి గేర్ల బాక్స్ కొన్ని పనులకు ఇప్పటికీ మేలైనదే. ఎం21లో 5,500 చుట్ల దగ్గర మొదటి గేరు నుంచి రెండోదానికి మారితే ఇంజన్ 4,100కు పడుతుంది. పైన చెప్పిన టీకేఎక్స్‌లో 3,600కు పడిపోతుంది. 1967లో ట్రాన్స్ యామ్ పందేల నిబంధనల కోసం షెవర్లే చేసిన జెడ్/28 కమారోలోని 302 ఇంజన్, పై చుట్లలోనే బలం చూపించే రకం. అలాంటి ఇంజన్‌ను ట్రాక్ మీద తోలేవాడికి ఎం21 సరైన జోడీ. దానికి దగ్గరి బంధువు ఎం22లో పళ్ళ ఏటవాలు తగ్గించడం వల్ల వచ్చే ఆ కూత కోసమే కారు ఉంచుకునే వాళ్ళున్నారు, ఆ ఇష్టాన్ని నేను గౌరవిస్తాను. ఆ కూత ట్రెమెక్‌లో రాదు. కానీ ట్రాక్ మీద తిరిగే కార్లు ఎన్ని? మిగిలినవి ఊరి రోడ్ల మీద, హైవే మీద తిరగాల్సినవి. వాటి 396, 454 ఇంజన్లు కింది చుట్లలోనే బండెడు బలమిస్తాయి. అలాంటి ఇంజన్‌కు గేర్ల మధ్య దూరం పెరిగినా నష్టం లేదు.

పెట్రోలు కలిసొస్తుంది కదా అని కొందరు ఈ మార్పును సమర్థిస్తారు. ఆ వాదన నాకు అక్కర్లేదు. మైలేజీ పెరగడం నిజమే, కానీ ఏడాదికి కొన్ని వందల మైళ్ళు తిరిగే కారు మీద వేల డాలర్ల ఖర్చు పెట్రోలులో తిరిగి రాదు. తిరిగొచ్చేది ప్రయాణం.

గట్టి అభ్యంతరం అసలుదనం గురించి. జనరల్ మోటార్స్ 1960ల చివర్లో ఇంజన్ మీద, గేర్‌బాక్స్ మీద కారు నంబరులో కొంత భాగం చెక్కేది. ఆ నంబర్లన్నీ కలిసిన కారుకు విలువ ఎక్కువ, అది చరిత్రకు సాక్ష్యం కూడా. ఇక్కడ నేను గీత గీస్తాను. అల్యూమినియం 427 ఇంజన్‌తో 1969లో చేసిన జెడ్ఎల్1 కమారోలు 69 మాత్రమే, వాటిలో పుల్లంత కూడా మార్చకూడదు. బులిట్ సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన మస్టాంగ్‌ను దాని గాయాలతో, తుప్పుతో అలాగే ఉంచారు. 2020 జనవరి వేలంలో అది ఖర్చులతో కలిపి 37 లక్షల డాలర్లకు పైగా పలికిందంటే, ఎవరూ దాన్ని బాగుచేయకపోవడమూ ఒక కారణమే. కానీ 1969 మోడల్ కమారోలు షెవర్లే చేసినవి 2 లక్షల 40 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇంజన్లు ఏనాడో మారాయి, గేర్‌బాక్సులు మారాయి, పాత యజమానులు పందేలకు విరగ్గొట్టి కొత్తవి వేసుకున్నారు. జెడ్ఎల్1కు చెల్లే నియమాన్ని వీటన్నిటికీ రుద్దితే అవి షెడ్డుల్లోనే తుప్పుపడతాయి.

గేర్‌బాక్స్ మారిస్తే రేపు ఇంజన్ మారుస్తారు, ఎల్లుండి బ్యాటరీ మోటారు పెడతారు, దీనికి అంతెక్కడ అని అడిగేవాళ్ళకు నా జవాబు, నేను మొదట చెప్పిన షరతే. వెనక్కి తిప్పగలిగే మార్పు చేయాలి. బోల్టులు విప్పితే తిరిగి ఫ్యాక్టరీ స్థితికి వచ్చే పని వేరు, రంపంతో రేకు కోసిన పని వేరు. తీసిన మన్సీని నూనె రాసి, నంబరు కనిపించేలా భద్రపరచాలి. దాని షాఫ్ట్, బెల్ హౌసింగ్, క్లచ్ లింకేజీ, గేర్ లీవర్ అన్నీ దానితోనే ఉండాలి. కారు అమ్మితే ఆ పెట్టె కూడా కొన్నవాడి వెంటే పోవాలి. ఇంజన్ తీసేసి వేరేది పెడితే కారు స్వభావమే మారిపోతుంది. గేర్‌బాక్స్ ఆ ఇంజన్ బలాన్ని చక్రాలకు చేరవేసేది మాత్రమే కాబట్టి, గీతకు ఇవతలే ఉంది.

ఈ షరతు పెట్టుకుంటే ఏ గేర్‌బాక్స్ అన్న ప్రశ్నకు జవాబు కూడా దానంతటదే వస్తుంది. 1980ల మస్టాంగ్ నుంచి తీసిన టీ5 చవక, సన్నగా సొరంగంలో పట్టేస్తుంది. కానీ అది 300 పౌండ్ అడుగుల లోపు టార్క్‌కు చేసినది. 1970 షెవెల్ ఎల్ఎస్6 ఇంజన్ 500 ఇస్తుంది, అలాంటి ఇంజన్ వెనక టీ5 నిలవదు. 600 దాకా తట్టుకునే టీకేఎక్స్‌ను ట్రెమెక్ 2020లో ప్రకటించినప్పుడు, పాత కార్ల నేల కోత తగ్గించడమే లక్ష్యంగా సన్నగా చేసింది. ఆరు గేర్ల టీ56 మ్యాగ్నమ్ 700 మోస్తుంది గానీ ఒళ్ళు పెద్దది, మొదటి తరం కమారోలో సొరంగం కోసి కొత్త రేకు వేయాల్సిందే. అందులో 0.50 ఆరో గేరు ఉన్న రకాన్ని 3.55 క్రౌన్‌తో వేస్తే 70 మైళ్ళ దగ్గర ఇంజన్ 1,600 చుట్లకు పడుతుంది. పెద్ద క్యామ్ ఉన్న పాత వీ8 అంత కింద తడబడుతుంది, దగ్గుతుంది. అంటే కారు నేలను కోసి తెచ్చుకున్న గేరును వాడుకునే వీలుండదు. నేల చెక్కుచెదరని కారుకు టీకేఎక్స్, 3.55 క్రౌన్ చాలు. ఆ నేలను ఎవరో ముప్ఫై ఏళ్ళ కిందే కోసి, అతుకు వేసి ఉంటే, అందులో మ్యాగ్నమ్ 0.63 ఆరో గేరు రకాన్ని వేసుకోవడానికి నాకే అభ్యంతరమూ లేదు.