ప్రేమాధ్యాయము, దాని ఇరుగుపొరుగు

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖయందలి 13వ అధ్యాయమునకు గల ప్రసిద్ధి క్రైస్తవగ్రంథమున మిక్కిలి కొలది భాగములకే గలదు. వివాహములందు దానిని చదువుదురు. పటము కట్టించి గోడకు వ్రేలాడదీయుదురు. క్రైస్తవులు కానివారును మెచ్చుకొందురు. ఆ మెప్పులో మాకును పాలు గలదు. అయినను దానిని ఉన్నచోటినుండి పెరికి చదువుటవలన కలుగు నష్టమును గూర్చి కొంత చెప్పదలచితిమి.

స్కాట్లండు దేశస్థుడగు హెన్రీ డ్రమ్మండు (1851–1897) ఈ అధ్యాయముపై చేసిన ప్రసంగము చిన్నపుస్తకముగా వెలువడి దేశదేశముల చదువబడినది. ఆయన గ్లాస్గోలో దైవశాస్త్రవిద్యార్థులకు ప్రకృతిశాస్త్రమును బోధించినవాడు. కావుననే కాబోలు, మూడుపలకల గాజు తెల్లని వెలుతురును రంగులుగా విడదీయునట్లు, ప్రేమను ఓర్పు, దయ, ఔదార్యము, వినయము మొదలగు తొమ్మిది గుణములుగా విడదీసెను. పుస్తకము హృద్యము, శైలి నిర్మలము. వాగ్ధాటి, ప్రవచనము మున్నగువానికంటె ప్రేమ మిన్నయని ఆయన మొదటనే చెప్పెను. కాని చెప్పి, త్వరగా దాటిపోయెను. పౌలునకు ఈ మాట ఎవరితో, ఏ తగవులో చెప్పవలసివచ్చెనో చదువరి మనసున నిలువదు.

మరియొక లోపము గలదు. గ్రీకుమూలమున 4 మొదలు 7 వరకు గల వచనములు ప్రేమను గుణవాచకములతో వర్ణింపవు. అందున్నవి పదునైదు క్రియలు. ప్రేమ ఏమి చేయును, ఏమి చేయదు అనుటయే గాని ప్రేమలో ఏమేమి కలవనుట కాదు. తెలుగు బైబిలు అనువాదకులు వానిని క్రియలుగానే నిలిపిరి. డ్రమ్మండుగారి గాజుగుండ పోవునప్పటికి అవి నామవాచకములైనవి. గుణములను తనలో తానే లెక్కించుకొని సంతసింపవచ్చును. క్రియకో, ఎదుట మనుష్యుడొకడుండవలెను.

ఆ యెదుటి మనుష్యులు కొరింథులో నుండిరి. క్రీ.పూ. 146లో రోమనులు నాశనముచేసిన ఆ పట్టణమును క్రీ.పూ. 44లో జూలియసు సీజరు తిరిగి నెలకొల్పెను. రెండు రేవుల నడుమ వర్తకముచే బలిసిన ఊరు. పౌలు ఎఫెసునుండి సుమారు క్రీ.శ. 54లో ఈ లేఖ వ్రాయునాటికి అచటి సంఘములో ప్రభువు పేరిట జరుగు విందునందే కలవారు ముందుగా తిని త్రాగుచుండిరి. లేనివారు ఆకలితో నుండిరి. ఇది 11వ అధ్యాయము. 12వ దానిలో వరముల తగవు. వరములలో ఎక్కువతక్కువలెంచి ఒకరినొకరు అక్కరలేదనుకొనువారికి పౌలు దేహమును, అందలి అవయవములను చూపెను. తెలుగువారు వాడు 'కృపావరము' అను మాట గ్రీకుపదమునకు చక్కగా సరిపోయినది. అందును కృప అను మాటయే మూలము. కృపచే వచ్చినదానిని తన సంపాదనగా చూపి మీసము దువ్వుట యెట్లు?

ప్రేమ ఉప్పొంగదని చెప్పుటకు పౌలు వాడిన క్రియ క్రొత్తనిబంధన మొత్తమున ఏడుమారులే కనబడును. అందారు ఈ యొక్క లేఖలోనివే. నాయకుల పేర చీలినవారిని గూర్చి, తమ జ్ఞానమును జూచి మురియువారిని గూర్చి అంతకుముందే ఆ మాట వాడి, ఇచట ప్రేమకు అది లేదనెను. కొరింథులో చదువగా విన్నవారికి ఇది కీర్తనవలె గాక అభియోగపత్రమువలె తోచియుండును.

అధ్యాయవిభాగము పౌలు చేసినది కాదు. 13వ శతాబ్ది ఆరంభమున స్టీఫెను లాంగ్టను చేసినదందురు. ఆ గీతను చెరిపి చదివినచో పౌలు వెంటనే వరములవద్దకు తిరిగివచ్చుట కనబడును. ప్రేమయున్న చాలును, వరములేల యని ఆయన యనలేదు. రెంటిని కోరుడనెను. తెలియని భాషలో పదివేల మాటలకంటె ఇతరులకు బోధపడు అయిదు మాటలు మేలనెను. ప్రక్కనున్న సామాన్యుడు అర్థముకానిదానికి ఆమేనని యెట్లు పలుకగలడని అడిగెను. ప్రేమ యనగా ఇచట ఇంత చిన్న, ఇంత కష్టమైన సంగతి: మన వాక్కు ప్రక్కవానికి చేరినదా లేదా యని చూచుట. సంస్కారసభలలో గంటలకొలది ఉపన్యసించు మాబోటివారికి ఇది తగులకపోదు.

ఇరుగుపొరుగులను చదువుమనిన పిమ్మట అందలి ముల్లును దాచుట న్యాయము కాదు. 14వ అధ్యాయము చివర స్త్రీలు సంఘములో మౌనముగా నుండవలెనను మాట గలదు. అదే లేఖ 11వ అధ్యాయమున స్త్రీలు ప్రార్థించుట, ప్రవచించుట జరుగుచున్నదనియే యెంచి, తలమీది ముసుగును గూర్చి మాత్రము చెప్పినది. ఈ మౌనవచనములు కొన్ని వ్రాతప్రతులలో అధ్యాయాంతమున కనబడును. అవి పౌలువి కావని తలచు పండితులును గలరు, ఏదోయొక వదరుబోతుతనమును అణచుటకే యనువారును గలరు. మాకు మొదటివారి వాదము బలముగా తోచుచున్నది. ఏలయన ఆత్మ తన యిష్టము చొప్పున వరములు పంచునని 12వ అధ్యాయము చెప్పుచున్నది. అచట స్త్రీపురుషభేదము లేదు. ప్రేమాధ్యాయమును వధువునకు చదివి వినిపించి, మరునాడే ఈ రెండు వచనములను ఆమెకు చూపు ఇండ్లు మాకు తెలియును.