బల్ల మీది ఇల్లు, గోడ వెనక చరిత్ర

వార్‌గేమ్ ఆడే బల్ల దగ్గరికి వెళ్తే అందరి కళ్లూ ముందు సైనికుల బొమ్మల మీదే పడతాయి. ఆట మలుపు తిరిగేది మాత్రం చాలాసార్లు వాటి పక్కనున్న ఇంటి దగ్గర, గోడ దగ్గర, గడ్డివాము దగ్గర. ఎవరు ఎవరికి కనిపిస్తారు, ఎవరు ఎక్కడ తలదాచుకుంటారు, ఏ సందులోంచి దూసుకొస్తారు అన్నవన్నీ ఆ కట్టడాలే తేలుస్తాయి. అందుకే ఇంటి నమూనాని బల్లకి అలంకారంగానో, అసలు ఇంటికి చిన్న నకలుగానో చూస్తే దానికి అన్యాయం చేసినట్టే. ఆ ఇల్లు యుద్ధంలో ఏం పని చేసిందో చేసినవాడు అర్థం చేసుకుని చెప్పే వ్యాఖ్యానం అది. అందులో ఏది ఉంచాడు, ఏది వదిలేశాడు అన్నదాన్ని బట్టే దాని విలువ కట్టాలి.

ఈ విద్య ఆటకన్నా పాతది. 1668లో, పద్నాలుగో లూయీ ఏలుబడిలో, ఫ్రాన్స్ తన కోట పట్టణాలకు నమూనాలు చేయించడం మొదలుపెట్టింది. చెక్క, కాగితం, పట్టు, ఇసుకలతో 600వ వంతుకి కుదించిన ఆ పట్టణాల్లో చాలా వాటిని నేటికీ పారిస్‌లో భద్రపరిచారు. ముట్టడి ఎటునుంచి వస్తుందో రాజధానిలో కూర్చుని ఆలోచించడానికి అవి సాధనాలు. 1812లో ప్రష్యా రాజుకి బారన్ ఫాన్ రైస్విట్జ్ ఒక యుద్ధక్రీడ బల్లని సమర్పించాడు. కొండలు, నదులు, ఊళ్లు ఉన్న ప్లాస్టర్ పలకల్ని దాని మీద కావలసినట్టు మార్చి పేర్చుకోవచ్చు. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ పుస్తకంతో బొమ్మ సైనికుల ఆటకి నియమాలు రాశాక ఆ ఆలోచన మామూలు ఇళ్లలోకీ వచ్చింది.

ఈ పనిలో మొదటి చిక్కు కొలతలతోనే వస్తుంది. నేడు బాగా వాడుకలో ఉన్న సైనికుడి బొమ్మ పాదాల నుంచి కళ్ల దాకా 28 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే అసలు మనిషిలో దాదాపు 56వ వంతు. ఆ లెక్కన 15 మీటర్ల పొడవున్న ఇల్లు బల్ల మీద 27 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. నెపోలియన్ కాలపు మస్కెట్ తుపాకీ సుమారు 90 మీటర్ల దాకా పనికొచ్చేది. అదే లెక్కలో ఆ దూరం మీటరున్నర దాటుతుంది. ఆరడుగుల బల్ల మీద అలా ఆడితే కదలడానికి చోటే మిగలదు. అందుకని ఆట నియమాలు దూరాల్ని మరింత కుదిస్తాయి కానీ బొమ్మల ఎత్తు జోలికి పోవు. ఈ రెండు కొలతల మధ్య నలిగేది ఇల్లు. అనుభవమున్నవాళ్లు తలుపుల్ని, కిటికీల్ని, చూరు ఎత్తుని మనిషి బొమ్మకి తగ్గట్టు ఉంచి, ఇల్లు నేల మీద పరుచుకునే చోటుని తగ్గిస్తారు. ఆరు కిటికీల గోడకి మూడే పెడతారు, నాలుగు ఇళ్లతో ఊరంతా చూపిస్తారు. రెండు మీటర్ల తలుపు లెక్కకి 36 మిల్లీమీటర్లు రావాలి. బొమ్మ కింది పీట మందం కూడా కలవాలి కనుక దాన్ని 40 దాకా పెంచుతారు. లెక్కకి అది తప్పే, కానీ కంటికి అదే ఒప్పు.

ఏది వదలకూడదో తెలియాలంటే చరిత్ర చదవాలి. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధంలో లా హే సాంత్ అనే పొలం ఇంటిని మేజర్ గేయోర్గ్ బేరింగ్ నాయకత్వంలో సుమారు 400 మంది జర్మన్ సైనికులు పట్టుకుని నిలబడ్డారు. ముందు రాత్రి వానలో తడిసిన సైనికులు ధాన్యపు కొట్టం తలుపుని వంటచెరుకుగా కాల్చేశారు. మర్నాడు ఫ్రెంచివాళ్లు ఆ ఖాళీ ద్వారం మీదికే పదేపదే వచ్చిపడ్డారు. కొట్టం పైకప్పు అంటుకున్నప్పుడు లోపలివాళ్లు వంట పాత్రలతో పెరట్లోని కుంట నీళ్లు మోసి ఆర్పారు. చివరికి తూటాలు అయిపోయి సాయంత్రానికి ఆ ఇంటిని వదులుకోవలసి వచ్చింది. ఈ ఇంటి నమూనాలో కిటికీ ఒకటి తగ్గినా ఫరవాలేదు. ఆ ద్వారానికి తలుపు పెట్టినా, ఆ కుంటని మరిచినా నమూనా అబద్ధం చెప్పినట్టే. బ్రిటిష్ అధికారి విలియం సైబోర్న్‌కి ఈ సంగతి తెలుసు. వాటర్లూ నమూనా కోసం ఆయన 1830లో ఎనిమిది నెలలు ఆ ఇంట్లోనే ఉండి నేలంతా కొలిచాడు. బతికున్న అధికారులకి ఉత్తరాలు రాసి ఎవరెక్కడ నిలబడ్డారో అడిగాడు. 1838లో లండన్‌లో ప్రదర్శించిన ఆ నమూనా వెనక ఉన్నది అంతటి పరిశోధన.

తయారీకి ఖరీదైన సరుకేమీ అక్కర్లేదు. గోడలకి థర్మాకోల్‌లా గింజలు రాలని గట్టి ఫోమ్ పలక, దూలాలకి ఐస్‌క్రీం పుల్లలు, అతుకులకి తెల్ల జిగురు, సందులకి లప్పం చాలు. ఫోమ్ మీద పెన్సిల్ మొనతో ఇటుకల వరసలు నొక్కి, నలిపి ఉండ చేసిన అల్యూమినియం రేకుని దొర్లిస్తే రాతి గరుకు వస్తుంది. స్ప్రే రంగులోని ద్రావకం ఫోమ్‌ని తినేస్తుంది కనుక ముందు నల్లరంగు కలిపిన జిగురు పూత వెయ్యాలి. కొండపల్లిలో పొణికి కర్ర బొమ్మల అతుకుల్ని మక్కుతో పూడ్చి, సుద్ద పూసి, ఆ తర్వాతే రంగులకి వెళ్లడంలో ఉన్నదీ ఇదే క్రమశిక్షణ. రంగులు చీకటి నుంచి వెలుగుకి నడుస్తాయి. ముందు ముదురు పూత, దాని మీద గోడ రంగు. తర్వాత నీళ్లలా పలచన చేసిన గోధుమ రంగు వేస్తే అది ఇటుకల సందుల్లోకి దిగి నీడవుతుంది. చివరికి బ్రష్‌ని లేత రంగులో ముంచి, గుడ్డకి తుడిచి, దాదాపు పొడి కుచ్చుతో అంచుల్ని మాత్రం తాకించాలి. చూరు కింద, కిటికీ మూలల కింద వాన జారిన చారలు గీస్తే ఇంటికి వయసొస్తుంది. ఆ చారలు నీరు నిజంగా జారే చోటే ఉండాలి. ఎక్కడపడితే అక్కడ పూసిన మురికి వట్టి మురికిగానే కనిపిస్తుంది.

త్రీడీ ప్రింటర్లు, లేజర్‌తో కోసిన కిట్లు ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లున్నారు. తీరిక లేనివాళ్లకి, చేతులు సహకరించనివాళ్లకి అవి నిజంగా మేలు చేశాయి. వాటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. కాకపోతే యంత్రం ఆకారాన్ని ఇస్తుంది, ఏ తలుపు తెరిచి ఉండాలో చెప్పదు. ఆ నిర్ణయం మనిషిదే. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. కూలిన ఇళ్లని అందంగా చేసి ఆడుకోవడం యుద్ధాన్ని వేడుక చేయడం కాదా? శిథిలాన్ని వట్టి అలంకారంగా చేస్తే ఆ విమర్శ న్యాయమే. శ్రద్ధగా చేసినవాడు మాత్రం పైకప్పు ఎటు కూలిందో, మిద్దె దూలాలు ఎక్కడ విరిగాయో, లోపలి గోడకి ఏ రంగు ఉందో ఆలోచించక తప్పదు. అది ఒకరి కొంప అని ఆ ఆలోచనలోనే తెలిసొస్తుంది. యుద్ధాన్ని పటం మీద బాణం గుర్తులుగా మాత్రమే చూసేవాళ్లకి ఆ ఎరుక కలగడం కష్టం.

కనుక ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఒకే కట్టడాన్ని ఎంచుకోండి. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో ముందు చదవండి, కత్తి ఆ తర్వాత పట్టండి. తెలిసి చేసిన ఒక్క గోడ, తెలియక చేసిన ఊరికన్నా మేలు.