తాళం మారితే భావం మారే చిప్పగిరి సుళాది

ఆదోని, ఎమ్మిగనూరు వైపు కన్నడం పరాయి భాష కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లావే. ఆ ఆలూరు సీమలోని చిప్పగిరిలోనే 1755లో హరిదాస కవి విజయదాసులవారు దేహం చాలించారు. కన్నడంలో ఆయన కట్టిన సుళాదులను ఇక్కడి మాధ్వుల ఇళ్లలో నేటికీ పాడుకుంటారు. శబ్దం అర్థానికి ఎంత ఊడిగం చేయగలదో వాటిలో చూడాలి.

సంగీతం నేర్చుకునే పిల్లలు అలంకారాల్లో పాడేవి సూళాది సప్తతాళాలు. వాటిలో కొన్నింటిని వరుసగా పేర్చి కట్టిన పెద్ద రచనే సుళాది. కీర్తనకు పల్లవి ఉంటుంది. ఎంత దూరం పోయినా మళ్లీ అక్కడికే రావాలి. సుళాదికి పల్లవి లేదు. ఆలోచన ముందుకే నడుస్తుంది, ఖండం మారినప్పుడల్లా తాళమూ మారుతుంది.

దాసులవారు తరచు ధ్రువతాళంతో మొదలుపెడతారు. అది 14 అక్షరాల ఆవర్తం. పొడుగు వాక్యం, దాని వెంట భగవంతుడి విశేషణాల బారు, అన్నీ అందులో ఇరుకు లేకుండా ఒదుగుతాయి. తత్త్వం చెప్పాలంటే అంత జాగా కావాలి మరి. త్రిపుటకు వచ్చేసరికి ఆవర్తం 7 అక్షరాలే. మాట కురచబడుతుంది, నా చెవికైతే అంతదాకా వివరించిన గొంతు అక్కడ బతిమాలుతున్నట్టు వినిపిస్తుంది. పాదాలను కట్టి ఉంచేది మన పద్యంలో లాగే రెండో అక్షరపు ప్రాస.

నాకు అన్నిటికన్నా నచ్చే పనితనం అంకితంలో ఉంది. ఖండం చివర ‘విజయవిఠల’ అన్న ముద్ర వస్తుంది. పేరు అదే, పలుకు అదే. కానీ దాని ముందు చేరే విశేషణం ఆ ఖండంలోని భావాన్ని బట్టి మారుతుంది. కాబట్టి విన్న పేరే మళ్లీ విన్నా కొత్తగా తోస్తుంది. ఇంత పెద్ద రచననూ చివరికి ‘జతె’ అనే రెండు పాదాల్లో ముడివేస్తారు.

జంట పాదాల మీద ఇంత శ్రద్ధ తాంగ్ కాలపు చీనా కవులకూ ఉండేది. నియమబద్ధమైన వారి పద్యంలో ఒక పాదంలో ముఖ్యమైన చోట నిలకడగా పలికే సమస్వరం పడితే, జంట పాదంలో అదే చోట నిలకడ లేని విషమస్వరం పడాలి. ఆ కట్టుబాటులో దూ ఫూను మించినవాడు లేడంటారు. వాళ్లు స్వరాలను ఎదురెదురుగా నిలిపారు, విజయదాసులు తాళాలను ఒకదాని వెనక ఒకటి నడిపించారు.

కార్తీక శుద్ధ దశమి దాసులవారి ఆరాధన దినం. వీలైతే ఆ రోజు చిప్పగిరి వెళ్లండి. కన్నడం పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు, చేత్తో తాళం వేస్తూ వినండి. తాళం మారిన చోట భావమేం మారిందో పక్కన కూర్చున్న పెద్దవాళ్లను అడగండి.