ఒత్తు తెగని పుట

పాడేరులో ముసురు పట్టి సిగ్నల్ పోయిన సాయంత్రం కూడా, సరదాకి వెబ్ పేజీలు కట్టుకునేవాళ్ల పని ఆగదు; పేజీ సొంత ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుంటుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడేలా చేయడంలో వాళ్ల ఓపిక చూస్తే నాకు ముచ్చట. 'స్త్రీ' మన కంటికి ఒకటే అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. వాటిని ఒక్క రూపంగా పేర్చేది ఫాంటు. అది కుదిరినా, వరుస ఎత్తును (లైన్-హైట్) ఇంగ్లీషుకు చాలిన 1.2 దగ్గరే వదిలేస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, పెట్టె అంచున తెగిపోతాయి కూడా. 1.7 చేసి, మళ్లీ తెరిచి, ఒక్కో ఒత్తూ చూసుకోవాలి. స్టైల్ షీటులో ఫ్లవర్ బ్రాకెట్ ఒకటి మూయడం మరిచారా, దాని కింద రాసిన అలంకారమంతా చెదురుతుంది. అర్ధరాత్రి దాకా వెతుకులాటే. దొరికిన క్షణం మాత్రం ఘాట్ రోడ్డులో మంచు విడిచి లోయ కనబడినట్టుంటుంది! ఆపైన ఫొటోలు కుదిస్తారు, ఫాంటులోంచి తెలుగుకు అక్కరలేని లిపులు తీసేస్తారు. సిగ్నల్ ఒక్క గీతే అందే కొండ ఊళ్లో, కాఫీ గింజలు ఆరబోసుకుంటున్న అక్క ఫోనులో ఆ పుట చప్పున తెరుచుకుంటుంది.